త్యేక శిబిరం

ఇచ్చేశాను. వజ్రమ్మ చేతిలో కాగితం పెట్టాక కూడా నా చెయ్యి కాసేపు గాలిలో అలాగే ఉండిపోయింది. ఆమె కాగితం మడత విప్పలేదు, ఏమిటని అడగలేదు. అడిగితే చెప్పడానికి మూడు రకాల జవాబులు సిద్ధం చేసుకుని వచ్చాను, మూడూ అబద్ధాలే. ఈ కాలేజీలో అటెండరుగా ఆమెకు ఇరవై ఏళ్లు, ఎన్ని టీసీ కాగితాలు చూసి ఉంటుందో. "క్లర్కు సారు హాల్ల ఉన్నడు తమ్మీ. కమిటీ పదకొండింటికి వస్తదట. అందాంక ఎవ్వలు సీట్ల కూసుండరు. నువ్వు గా బెంచి మీద కూసో, నేను టేబుల్ మీద పెడ్త," అని వెళ్లిపోయింది. అంటే గంటసేపు. గంట తరువాత క్లర్కు వస్తాడు, ఆ కాగితం చదువుతాడు. 'మా అమ్మాయి కావ్య, బీఎస్సీ రెండో సంవత్సరం. కుటుంబ కారణాల వల్ల చదువు మాన్పిస్తున్నాము. దయచేసి టీసీ ఇప్పించగలరు.' కింద నా సంతకం. నగేష్ అని రాసి గీత గీశాను, గీత కొంచెం పొడుగైంది.

బెంచి చల్లగా ఉంది. ఎదురుగా గోడకు ఆనించి నేను తెచ్చిన పద్నాలుగు ఫ్రేములు, పాత చీరలో చుట్టి పురికొసతో కట్టినవి. పక్కన నీలం గుడ్డ పరిచిన బోర్డు, దాని నెత్తిన థర్మకోల్ అక్షరాలు: వార్తలు – విశేషాలు. చదవడానికి వేరే ఏమీ లేదు గనుక దాన్నే చదువుతున్నాను. రక్తదానం చేసిన విద్యార్థులు, పేపర్ కటింగ్. మొక్కలు నాటిన విద్యార్థులు, పేపర్ కటింగ్. ఇంటర్నల్ పరీక్షల తేదీలు. విద్యార్థినులు సాయంత్రం నాలుగున్నర దాటాక ఆవరణలో ఉండరాదు, ప్రిన్సిపాల్. ఈ ముక్క ఎందుకు రాశారు? ఊరికే రాస్తారా? ఏదో జరిగితేనే రాస్తారు. ఏం జరిగిందో బోర్డు మీద పెట్టరు, ఇక మీదట జరగకూడదని మాత్రం పెడతారు. మొన్నటిదాకా ఇలాంటివి నా కళ్లకు కనబడేవి కావు. ఇప్పుడు ప్రతి కాగితం వెనుక ఇంకో కాగితం ఉన్నట్టుగా ఉంటుంది. మనిషికి ఒకసారి అనుమానం పట్టుకుంటే కళ్లజోడు మారినట్టే, అన్నిటికీ ఒకే రంగు. అమ్మా వనదుర్గా, ఇది నువ్వు పెట్టిన చూపా, నేను తెచ్చుకున్నదా?

సోమవారం నాడు మదన్ మోహన్ సారు మా షాపుకు వచ్చాడు. బస్టాండు ఎదురుగా మాది, ముందు షాపు వెనక ఇల్లు, శ్రీ వనదుర్గా ఫోటో ఫ్రేమ్ వర్క్స్, దేవుళ్ల పటాలు కడతాను, పోయినవాళ్ల ఫోటోలు కడతాను, ఈ మధ్య సర్టిఫికెట్లు కూడా. సారు ఫోటోల కవరు బల్ల మీద పెట్టి, "నగేషన్నా, కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తున్నది. రెండేండ్ల విశేషాలు మొత్తం గోడ మీద కనవడాలె. అన్నీ ఒక్కటే సైజుల గట్టు. లైన్ల వెడితే మిలటరీ లెక్క ఉండాలె," అన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "మీ కావ్య మస్తు యాక్టివ్ అన్నా," అని నవ్వాడు. అప్పుడు ఆ మాట నాకు తీపిగా ఉంది. మంగళవారం నుంచి దాన్ని ఎన్నిసార్లు నెమరు వేశానో. యాక్టివ్ అంటే? ఎందులో యాక్టివ్? ఒక మగ మాస్టరు ఆడపిల్ల తండ్రితో ఆ మాట అనడానికి నవ్వు ఎందుకు?

మంగళవారం కట్టడం అయ్యాక అద్దాలు తుడుస్తూ ఒక్కొక్క ఫోటోలో నా బిడ్డను వెతుక్కున్నాను. వెతకడం తప్పు కాదు కదా. బతుకమ్మ ఫోటోలో ఉంది, వంగి చప్పట్లు కొడుతోంది, జడ ముందుకు పడింది. మొక్కల ఫోటోలో చేతుల నిండా మట్టితో ఉంది. సైన్స్ డే ఫోటోలో ఒక సీసా పట్టుకుని, ఆ సీసా నా చేతికిస్తే ఎక్కడ పడేస్తానో అన్నట్టుగా చూస్తోంది. ఆ తరువాత కౌడిపల్లి క్యాంపు ఫోటో. ఎన్నెస్సెస్ క్యాంపు, రెండు వారాల కిందటిది, వారం రోజులు అక్కడి బడిలోనే ఉండి ఊరిని శుభ్రం చేయడం, సర్వేలు రాయడం. నేను వద్దన్నాను, నా భార్య బాలలక్ష్మి పోనీ అంది, కావ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, సరే అన్నాను. వారం రోజులకు బట్టలు సర్దుకుని పోయింది. మొదటి రోజు తీసిన ఫోటో అది, వెనుక బ్యానరు, ముందు పిల్లలు మూడు వరుసలు. పెన్సిల్ మొన పెట్టి ముఖాలన్నీ చూశాను. మళ్లీ చూశాను. అద్దం మీద తుడవని మరక ఉందేమోనని తుడిచి చూశాను. కావ్య లేదు. ఆమె దోస్తురాలు నిస్సి కూడా లేదు.

ఫోటో తీసింది కావ్యే అయి ఉంటుంది అనుకున్నాను, నేను మూర్ఖుడిని కాను. కానీ తీసినవాడి నీడ ముందున్న గడ్డి మీద పడింది, ఆ నీడకు టోపీ ఉంది, పొట్ట కూడా ఉంది. నీళ్లకు పోయిందేమో అనుకున్నాను. ఇద్దరూ కలిసి పోయారా, ఫోటో దిగే సమయానికే? పిల్లలు ఫోటో అంటే ముద్ద నోట్లో ఉన్నా లేచి వస్తారు. ఇన్నేళ్ల నా పనిలో తెలుసుకున్నది ఏమంటే, ఫోటోలో ఉన్నవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు, లేనివాళ్లు ఎక్కడున్నారని ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను. వారం రోజులు నా బిడ్డ ఎక్కడుంది?

అడుగుతున్నాను అంటున్నాను గానీ ఎవరిని అడిగాను? ఎవరినీ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది, చెప్పుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పోయిన ఏడాది, ఇంటర్ అయిపోయిన ఎండాకాలం, కావ్య ఫోన్లో నిస్సితో గుసగుసగా అంటోంది, "దోస్త్ నుంచి మెసేజ్ వచ్చిందే! పొద్దటి సంది సూస్తున్న. ఇగ ఫిక్స్ అయినట్టే. డాడీకి రేపు చెప్త." ఎవడా దోస్తు, ఏం ఫిక్స్ అయింది, నాకు చెప్పడానికి రేపటి దాకా ఎందుకు? బాలలక్ష్మిని వంటింట్లోకి తీసుకుపోయి తలుపు పెట్టి అడిగాను, పెళ్లాం అని చూడకుండా అనరాని మాటలు అన్నాను. దోస్త్ అంటే డిగ్రీ సీట్లు ఆన్‌లైన్లో ఇచ్చే పద్ధతికి సర్కారు పెట్టిన పేరు అట. సీటు ఇక్కడే, మెదక్‌లోనే వచ్చింది, అదీ మెసేజ్. బాలలక్ష్మి ముందు ఏడ్చింది, తరువాత నవ్వడం మొదలుపెట్టింది, ఆ నవ్వు వానాకాలం దాకా ఆగలేదు. చుట్టాలు వస్తే చాలు, "మా ఆయన అల్లుడు ఆన్‌లైన్ల ఉంటడు. ఓటీపీ చెప్తేనే తలుపు తీస్తడు," అనేది. కావ్య మాత్రం నవ్వలేదు. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నేను సరిగ్గా చూడలేదు, నా సిగ్గు నాకే సరిపోయింది. అందుకే ఈసారి నోరు మూసుకున్నాను. మళ్లీ నవ్వులపాలు కాకూడదు. ముందు సాక్ష్యం దొరకాలి.

సాక్ష్యం బుధవారం దొరికింది. దొరికిందని ఎందుకు అనాలి, తీశాను. ఆమె స్నానానికి పోయినప్పుడు బ్యాగు తెరిచాను. పూజ చేసి బొట్టు పెట్టుకున్న చేత్తో బిడ్డ బ్యాగు జిప్పు లాగాను, జిప్పు చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. కెమిస్ట్రీ పుస్తకంలో గుర్తుకోసం పెట్టుకున్న బస్సు టికెట్టు. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు. మెదక్ నుంచి చేగుంట. తారీఖు చూశాను, క్యాంపు నాలుగో రోజు. కౌడిపల్లి ఆ దిక్కు, చేగుంట ఈ దిక్కు. కౌడిపల్లిలో మోరీలు శుభ్రం చేస్తున్న పిల్ల మెదక్‌లో బస్సెక్కి చేగుంటకు ఎందుకు పోతుంది? చేగుంటలో మాకు ఎవరూ లేరు. హైవే ఉంది, హోటళ్లు ఉన్నాయి, రైల్వే గేటు ఉంది. నా ఆలోచన ఆ హైవే పట్టుకుని ఎంత దూరం పోయిందో చెప్పను. తండ్రి ఆలోచించే పద్ధతి కాదది. టికెట్టు మళ్లీ అదే పేజీలో పెట్టాను, నూట పన్నెండో పేజీ, ఇప్పటికీ గుర్తుంది.

వరండాలో పిల్లలు అటూ ఇటూ పోతున్నారు, ఈ రోజు అందరికీ ఇస్త్రీ బట్టలు. ఒక పొడుగాటి పిల్లాడు నన్ను చూసి చెయ్యెత్తి నమస్తే పెట్టాడు. ఎందుకు పెట్టాడు? నేనెవరో వాడికి ఎలా తెలుసు? వాడేనా? చెవికి రింగు, మాసిన గడ్డం, మంచి నవ్వు, అదే భయం. వెనకాల ఇంకొకడు వచ్చాడు, వాడు నమస్తే పెట్టకుండా తల దించుకుని పోయాడు. తల ఎందుకు దించుకున్నాడు? పెట్టినవాడి మీదా అనుమానమే, పెట్టనివాడి మీదా అనుమానమే. ఇట్లయితే ఇక మిగిలేది ఎవరు? అమ్మాయిలు ఇద్దరు గోడ దగ్గర నిలబడి ఒకే ఫోన్లో చూసి నవ్వుతున్నారు. నా బిడ్డ నవ్వు విని ఎన్ని రోజులైంది? ఆమె నవ్వడం మానేసిందా, నేను వినడం మానేశానా? చర్చి గడియారం కొట్టినట్టు వినిపించింది, లెక్క తప్పాను. కాగితం ఇప్పుడు క్లర్కు బల్ల మీద ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంటే దాని మీద ఏదైనా బరువు పెట్టిందో లేదో. ఎగిరిపోతే? ఎగిరిపోతే బాగుండు అని ఒక క్షణం అనుకున్నాను, వెంటనే అమ్మవారు గుర్తొచ్చి లెంపలు వేసుకున్నాను, ఎందుకంటే ఈ నిర్ణయం నాది కాదు, ఆమెది.

నిన్న శుక్రవారం ఏడుపాయలకు, వనదుర్గమ్మ గుడికి పోయాను. మంజీర వరద ఇంకా దిగలేదు, గుడి చుట్టూ ఎర్రటి నీళ్లు, గర్భగుడి తలుపులు మూసి ఉన్నాయి. రాజగోపురం దగ్గరే ఉత్సవ విగ్రహానికి పూజలు చేస్తున్నారు. నీళ్ల చప్పుడులో మంత్రం సరిగ్గా వినబడదు, అయినా అక్కడ నిలబడితే నాకు ధైర్యం వస్తుంది. షాపులోంచి రెండు అట్టముక్కలు పట్టుకుపోయాను. ఒకదాని మీద 'చదివించు' అని, ఒకదాని మీద 'మాన్పించు' అని రాసి, బోర్లా తిప్పి అమ్మ ముందు పెట్టాను. కళ్లు మూసుకుని, అమ్మా, నాకు తెలియదు, నీకు తెలుసు అని ఒకటి తీశాను. మాన్పించు. నిజం చెప్పాలంటే ఎక్కడో ఒక మూల తేలికగా అనిపించింది, ఇక నేను ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు అని. తిరిగి వస్తుంటే బస్సులో ఒక ఆలోచన వచ్చింది, దాన్ని ఎంత నొక్కినా మునగడం లేదు. ఆ రెండు అట్టలు ఒకే షీటులోవి కావు. ఒకటి మందం, ఒకటి పలుచన. ముప్పై ఏళ్లుగా అట్టలు కోస్తున్న వేళ్లకు మందం చూడకుండానే తెలుస్తుంది. 'మాన్పించు' మందం అట్ట మీద రాశాను. నేను కళ్లు మూసుకున్నాను గానీ వేళ్లు మూసుకోలేదు. మరి అమ్మ చెప్పిందా, వేళ్లు చెప్పాయా? ఇలా అడగడం పాపమా? పాపమైతే క్షమించు తల్లీ. కానీ అడగకుండా ఉండలేకపోతున్నాను.

"ఓ తమ్మీ, నిద్రపోతున్నవా? లే, ముడి ఇప్పు. మేకులు కొట్టుడు అయిపోయింది." వజ్రమ్మ వచ్చి చీర మూట ముందు కూర్చుంది. కొంగు నడుముకు దోపుకుంది, చేతిలో సుత్తె. పురికొస విప్పి ఒక్కొక్క ఫ్రేమూ అందిస్తుంటే ఆమె పట్టుకుని, మేకుకు తగిలించే ముందు చేతి పొడవున దూరం పెట్టి చదువుతోంది. చదవడం ఆమెకు కొత్త. పోయిన ఏడాది మధ్యాహ్నం పూట పిల్లలు అక్షరాలు నేర్పారట, ఇప్పుడు అక్షరం కనబడితే వదలడం లేదు. "బ… తు… కమ్మ. సం… బు… రాలు. ఆఁ." తగిలించింది. "ర… క్త… దానం." తగిలించింది. "తమ్మీ, సదువొస్తె గిదొక్క తిప్పలు, ఊకుండనియ్యది. బస్సుల కూసుంటె సిగరెట్ తాగరాదు అని పది సార్లు సదువుత, నేను తాగనే తాగ." నేను నవ్వలేకపోయాను. నా చేతిలో ఉన్నది కౌడిపల్లి ఫోటో. ఆమెకు అందించి కళ్లు తిప్పుకున్నాను.

"త్యే… క. త్యేక. శి… బి… రం. త్యేక శిబిరమా? గిదేం పేరు? తమ్మీ, త్యేక అంటె ఏంది?"

"ప్రత్యేక శిబిరం అక్కా."

"ప్ర ఏది మరి? నాకు ప్ర వస్తది. ప కింద గుండ్రంగ గీత. గీడ లేదు. సూడు."

చూశాను. నాలుగు రోజులుగా ఆ ఫోటోలో ప్రతి ముఖాన్నీ చూశాను, ఒక్కసారి కూడా బ్యానరు చదవలేదు. బ్యానరు మీద పెద్ద పసుపు అక్షరాలు 'త్యేక శిబిరం, కౌడిపల్లి' అని ఉన్నాయి. ఎడమ వైపున ప్ర లేదు. ప్ర ఉండాల్సిన చోట నా ఫ్రేము కర్ర ఉంది.

"సార్లు సూస్తె నవ్వుతరు గదనే. అసలు ఫోటోల ఉన్నదా లేదా? ఉండు, నా ఫోన్ల పూరా ఫోటో ఉన్నది, పిల్లలు పంపిన్రు." ఆమె కొంగు చివరతో ఫోను తుడిచి, తెరిచి, వేలితో పైకి పైకి జరిపి, నా ముఖం ముందు పెట్టింది. అదే గడ్డి, అదే టోపీ నీడ, అవే మూడు వరుసలు. ఎడమ చివర ప్ర ఉంది. ప్ర పక్కన బ్యానరు కట్టిన వెదురు బొంగు ఉంది. ఆ బొంగును రెండు చేతులా పట్టుకుని, చున్నీ నడుముకు కట్టుకుని, ఎండకు ఒక కన్ను మూసుకుని, కావ్య ఉంది. ఆమె భుజం వెనకాల నిస్సి.

నేను దేన్నైనా బోర్లా తిప్పే కోస్తాను. మా నాయన నేర్పిన పద్ధతి, దేవుడి ముఖం మీదికి కత్తి పోకూడదని ముఖం కిందికి పెట్టి వీపు మీద గీత గీసి కోయాలి. దేవుళ్లకని మొదలైన పద్ధతి, చేతికి అలవాటై అందరికీ అదే. ఈ ఫోటో మిగతావాటి కంటే పొడుగు. అన్నీ ఒకటే సైజు అని సారు అన్నాడు, బోర్లా తిప్పాను, స్కేలు పెట్టాను, కోశాను. కోసిన ముక్కను తిప్పి చూడలేదు. దేవుడి పటాల తునకలైతే చెత్తలో వేయను, సంచిలో దాచి ఏడాదికోసారి మంజీరలో కలుపుతాను, శంఖం ముక్కనో పాదం ముక్కనో ఎవరైనా తొక్కకూడదని. కాలేజీ ఫోటో తునక కదా, ఊడ్చేశాను. బుధవారం పొద్దున మున్సిపాలిటీ ఆటో వచ్చింది, పాట పెట్టుకుని, బుట్ట నేనే ఎత్తి పోశాను. అదే పొద్దున లోపలికి వచ్చి ఆమె బ్యాగు తెరిచాను.

"అక్కా, నా కాగితం! నేనిచ్చిన కాగితం! అది తిరిగియ్యి." లేచి నిలబడ్డాను, ఫ్రేము మోకాలికి తగిలింది.

"అది నా తాన ఎక్కడిది? క్లర్కు టేబుల్ మీది కాయితాలన్ని జల్ది ఫైల్ల పెట్టి హాల్లకు తెమ్మన్నరని గా పిల్ల ఒచ్చి తీస్కపాయె."

"ఏ పిల్ల?"

"నీ పిల్లనే. ఇంకెవ్వలు?"

హాలు వైపు రెండు అడుగులు వేశాను. అంతలో మదన్ మోహన్ సారే ఎదురొచ్చాడు, మెడలో బ్యాడ్జి, నుదుటి మీద చెమట. "అన్నా, దేవునోలె ఉన్నవ్! పేరెంట్స్ మీటింగుకు ఒక్క మనిషి తక్కువున్నడు. కమిటీ ఒచ్చి కూసున్నది. నువ్వు పేరెంటే గద, రా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. ఆ చెయ్యి పట్టులో ఏ దోషం ఉందని నాలుగు రోజులు వెతికాను? భయపడుతున్న మాస్టరు చెయ్యి, అంతే. ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. ఎదురుగా ముగ్గురు, మధ్యలో తెల్ల జుట్టు మేడం. గోడ వెంబడి వాలంటీరు పిల్లలు వరుసగా నిలబడ్డారు. చివరన కావ్య. ఛాతీకి అదిమి పట్టుకున్న ఫైలు, ఆ ఫైలు పైన వేలితో నొక్కి పట్టిన ఒక కాగితం. గీత పొడుగైన సంతకం ఇక్కడి నుంచే కనబడింది. ఆమె నన్ను చూసింది. కోపం ఉంటే బాగుండేది. పరీక్షలో రాని ప్రశ్నను చూసినట్టుగా చూసింది.

ఇద్దరు ముగ్గురు తండ్రులు కాలేజీ బాగుంది, సార్లు మంచివాళ్లు అన్నారు. మేడం నా వైపు తిరిగి, "ఆడపిల్లల్ని వారం రోజులు క్యాంపుకు పంపుతున్నారు కదా, మీకు నమ్మకం ఉంటుందా?" అని అడిగింది. ఉంటుంది మేడం అనడానికి నోరు తెరిచాను. ఆ ఒక్క మాటతో సారుకు గ్రేడు వస్తుంది, నాకు మర్యాద మిగులుతుంది. గోడ దగ్గర కాగితం పట్టుకున్న పిల్లకు మాత్రం, తన తండ్రి అందరి ముందూ అబద్ధం ఆడగలడని తెలుస్తుంది. నిజం చెబుదామంటే, నా బిడ్డను అనుమానించాను అని ఇంతమందిలో చెబితే, ఆ మాట నా మీద పడదు, ఆమె మీద పడుతుంది. బయటికి పోయాక అనుమానించాడట అన్న మాటే మిగులుతుంది, తప్పు అన్న మాట మిగలదు.

"గోడ మీది ఫోటోలు నేనే కట్టిన మేడం," అన్నాను. "అండ్ల కౌడిపల్లి ఫోటో ఒకటున్నది. దాంట్ల ఇద్దరు పిల్లలు కనవడరు. కనవడకున్నా వాళ్లు క్యాంపుల ఉన్నరు మేడం. నేనే కోసిన. సూడకుంట కోసిన. కాలేజీ తప్పు లేదు, పిల్లల తప్పు లేదు. తప్పు పూరా నాది."

మేడం కలం పట్టుకుని సారు వైపు చూసింది. "ఫోటో ఫ్రేముల అన్న మేడం, జర తమాషా మనిషి," అన్నాడు సారు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. అందరూ నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. గోడ దగ్గర ఒక్కరు నవ్వలేదు.

మీటింగు అయ్యాక వరండాలో చివరి కిటికీ దగ్గర ఆమె నిలబడి ఉంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. కింద మైదానంలో నీళ్లు నిలిచి ఉన్నాయి.

"కుటుంబ కారణాలంటే ఏంది డాడీ?"

"ఫోటోల నువ్వు లేవు బిడ్డా."

"గంతేనా? అమ్మనడిగినవా?"

"లే."

"సార్‌ను?"

"లే."

"మరెవ్వలనడిగినవ్?"

"అమ్మవారిని."

ఆమె కాగితం మీద నా సంతకం చూసింది. ఆ తరువాత చిన్నగా, "నన్నడగకపోయినవా," అంది. నిందలా అనలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అంది. దోస్త్ సంగతి చెప్పబోయి ఆగాను, నవ్వులపాలవుతానని భయపడ్డాను అని ఎలా చెప్పడం? ఆ భయానికి నీ చదువు ఖరీదుగా కట్టబోయాను అని ఎలా చెప్పడం? లోపల ఇంకా ఒక ముల్లు మిగిలే ఉంది, ఫోటో తేలింది గానీ అది తేలలేదు. ఇప్పుడు కూడా మింగేస్తే అది అక్కడే కుళ్లుతుంది. అడిగాను.

"క్యాంపు నడుమల చేగుంటకు ఎందుకు పోయినవ్?"

ఆమె ముఖం మారింది. "నా బ్యాగు సూసినవా?"

"సూసిన."

కిటికీ చువ్వ పట్టుకుంది. "నిస్సికి జ్వరమొచ్చింది. వాళ్ల ఊరు చేగుంట పక్కనే, సారు నన్ను తోలిచ్చిండు. దింపి పొద్దుమీకి మల్ల కౌడిపల్లి పోయిన." మైదానం వైపు తిరిగింది. "పోయేటప్పుడు, వచ్చేటప్పుడు మన బస్టాండులనే బస్సు మారిన. నువ్వు షాపుల కూసోని అద్దం తుడుస్తున్నవ్. సూసిన. రావాల్నని రోడ్డు దాక వచ్చిన. వస్తే మల్ల పంపవని భయమైంది. ఎనకకు పోయిన."

ఆ సాయంత్రం నేను ఏ పటం అద్దం తుడుస్తున్నానో గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. గుర్తు రాలేదు. తలెత్తి ఉంటే రోడ్డు అవతల నా బిడ్డ. తలెత్తి ఉంటే పిలిచేవాడిని, అదీ నిజమే, పిలిచి మళ్లీ పంపేవాడిని కాదు, అదీ నిజమే.

"ఇది లోపల ఇయ్యాల్నా?" అంది, కాగితం చూపించి.

"ఇయ్యకు."

"సరే." చింపలేదు. మడిచి ఫైలు అడుగున పెట్టుకుంది. అడగడానికి నాకు హక్కు లేదనిపించింది.

హాలు తలుపు దగ్గరి నుంచి మదన్ మోహన్ సారు కేక వేశాడు, "కావ్యా! నవరాత్రులకు ఏడుపాయల వాలంటీర్ల లిస్టు ఇయ్యాల్నే పోవాలె! పేరెంట్ సంతకాలు పట్టు!" ఆమె తల ఊపింది గానీ కదలలేదు. ఫైలులోంచి ఒక ఫారం సగం బయటికి వచ్చి ఉంది. నాకు చాచలేదు, దాచలేదు. నీళ్లు, మెట్లు, అంతమంది జనం, చీకటిపడ్డాక ఏ బస్సు, ఎవరితో, ఒకదాని వెనుక ఒకటి నా గొంతు దాకా వచ్చాయి. అనుమానం పోలేదు. ఒక్క పూటలో పోయేది కాదది. ఇదివరకైతే దాన్ని మింగి ఇంటికి మోసుకుపోయి, ఆమె లేనప్పుడు విప్పేవాడిని.

"ఎవరెవరు పోతున్నరు?" అని అడిగాను, ఆమె ముఖంలోకి చూసి.

ఆమె కూడా నా ముఖంలోకే చూసింది. "నిస్సి. రిషిత. శ్రేయ. అఖిల్. వంశీ." మగపిల్లల పేర్ల దగ్గర గొంతు తగ్గించలేదు.

"ఇంకా?"

"ఇంకా నేను," అంది.